రాస్తే గీసే యంత్రం

ఉయ్యూరులో క్రషింగ్ మొదలైతే రోడ్డంతా చెరకు ట్రాక్టర్లే. వెలగపూడి రామకృష్ణ 1941లో మొదలుపెట్టిన కేసీపీ సంస్థ పంచదార ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే ఉంది. పంచదార మిల్లు ఏదైనా లోపల జరిగే పని ఇంచుమించు ఒకటే. చెరకును నరికి రోలర్ల మధ్య నలిపితే ఒక పక్కకి రసం, ఇంకో పక్కకి పిప్పి వస్తాయి. రసంలో సున్నం కలిపి, వేడిచేసి తేరుస్తారు. తేరిన రసాన్ని ఎవాపరేటర్లలో చిక్కబరిచి, పాన్‌లలో పలుకు కట్టించి, గిరగిర తిరిగే సెంట్రిఫ్యూగల్‌లో పలుకునీ మొలాసిస్‌నీ విడదీస్తారు. పిప్పి బాయిలర్‌కి పోతుంది. దాని మంటతో పుట్టిన ఆవిరే మిల్లును తిప్పుతుంది, రసాన్నీ మరిగిస్తుంది.

దీన్ని డబ్బాలూ బాణాలుగా గీయమంటే ఎవరైనా గీస్తారు. తంటా అంతా దాన్ని మార్చాల్సి వచ్చినప్పుడే. రసానికీ తేర్పుకీ మధ్య ఒక వడపోత చేర్చాలంటే కింద ఉన్నవన్నీ జరపాలి, బాణాలన్నీ మళ్లీ తగిలించాలి. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇది రోజువారీ బాధ. ఏ ప్రోగ్రాం దేన్ని పిలుస్తుందో చూపే బొమ్మ డాక్యుమెంటులో అతికించి ఉంటుంది. గీసినాయన ఉద్యోగం మారిపోయి ఉంటాడు. బొమ్మ తాలూకు అసలు ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కోడ్ వారానికి నాలుగుసార్లు మారుతుంది, బొమ్మ మాత్రం గోడకి వేలాడే పాత క్యాలెండర్‌లా అలాగే ఉంటుంది.

ఈ బాధకి ఇంజనీర్లు కనిపెట్టుకున్న మందు బొమ్మ గీయడం మానేసి, బొమ్మలో ఏముండాలో రాయడం. పై మిల్లు మొత్తం ఇంతే:

"చెరకు" -> "మిల్లు"
"మిల్లు" -> "రసం"
"మిల్లు" -> "పిప్పి"
"పిప్పి" -> "బాయిలర్"
"బాయిలర్" -> "మిల్లు"
"బాయిలర్" -> "ఎవాపరేటర్"
"రసం" -> "తేర్పు"
"తేర్పు" -> "ఎవాపరేటర్"
"ఎవాపరేటర్" -> "పాన్"
"పాన్" -> "సెంట్రిఫ్యూగల్"
"సెంట్రిఫ్యూగల్" -> "పంచదార"
"సెంట్రిఫ్యూగల్" -> "మొలాసిస్"

వీటి ముందు ఇది బాణాల బొమ్మ అని చెప్పే ఒక మాట, చుట్టూ ఒక జత బ్రాకెట్లు పెడితే గ్రాఫ్‌విజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని 'డాట్' ప్రోగ్రాం బొమ్మ గీసిస్తుంది. ఏ డబ్బా ఎక్కడుండాలో మనం ఎక్కడా చెప్పలేదన్నది గమనించాలి. అది తేల్చుకోవడమే దాని పని, ఆ పని చూడటానికి కనిపించేంత తేలిక కాదు.

కంప్యూటర్ చేత బొమ్మ గీయించాలన్న కోరిక పాతదే. ఫోర్ట్రాన్ భాషను తయారుచేసిన ఐబీఎం బృందంలో లోయిస్ హేబ్ట్ అనే ఆవిడ ఉండేది. ప్రోగ్రాంని చదివి దాని ఫ్లోచార్ట్‌ని తనంతట తానే గీసే ప్రోగ్రాం గురించి ఆవిడ 1959లోనే పత్రం సమర్పించింది. బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిగన్ 'పిక్' అనే చిన్న భాష చేశాడు, దాని మీద వ్యాసం 1982లో అచ్చయింది. అందులో ఒక డబ్బా పెట్టు, కుడిపక్కకి బాణం వెయ్యి, ఇంకో డబ్బా పెట్టు అని వరసగా చెప్పుకుంటూ పోవాలి. చెయ్యి గీసే శ్రమ తగ్గింది గానీ, ఎటు గీయాలో ఆలోచించే భారం మనిషి మీదే మిగిలింది.

ఆ భారం కూడా దించిన దారి జపాన్ నుంచి వచ్చింది. 1981లో సుగియామా, తగావా, తోడా ముగ్గురూ కలిసి బాణాల బొమ్మని అంతస్తులుగా పేర్చే పద్ధతిని ప్రచురించారు. దాన్ని బెల్ ల్యాబ్స్‌లో గాన్స్‌నర్, నార్త్, వో అనే ముగ్గురు అందిపుచ్చుకుని 1988లో 'డ్యాగ్' అనే ప్రోగ్రాంగా బయటపెట్టారు. దానికి వారసుడే డాట్. కౌట్సోఫియోస్‌తో కలిసి వాళ్లు 1993లో రాసిన వ్యాసంలో డాట్ ఎలా ఆలోచిస్తుందో వివరంగా ఉంది.

మన మిల్లునే డాట్ చేతికిద్దాం. పైనుంచి కిందికి అంతస్తులుగా పేర్చాలంటే బాణాలన్నీ కిందికే పోవాలి. కానీ మిల్లు నుంచి పిప్పి, పిప్పి నుంచి బాయిలర్, బాయిలర్ నుంచి మళ్లీ మిల్లు, ఇదొక చుట్టు. చుట్టులో ఏది పైన, ఏది కింద? డాట్ చెరకు దగ్గర బయలుదేరి బాణాల వెంట నడుస్తుంది. వచ్చిన దారిలోనే వెనక్కి తీసుకుపోయే బాణం తగిలితే, అంటే ఇక్కడ బాయిలర్ నుంచి మిల్లుకి వెళ్లేది, దాన్ని తాత్కాలికంగా తిరగేసి మిల్లు నుంచి బాయిలర్‌కి అని రాసుకుంటుంది. ఇక చుట్టు లేదు. చివర్లో గీసేటప్పుడు బాణం మొనని మళ్లీ అసలు దిక్కుకే పెడుతుంది. చూసేవాళ్లకి ఈ సంగతి తెలియను కూడా తెలియదు.

తర్వాత అంతస్తులు. చెరకు మొదటిది, మిల్లు రెండోది, రసమూ పిప్పీ మూడోది, తేర్పూ బాయిలరూ నాలుగోది. తిరగేసిన బాణం రెండో అంతస్తు నుంచి నాలుగోదానికి పోవాలి, అంటే మూడోదాన్ని దాటాలి. దాటేచోట డాట్ కంటికి కనబడని ఒక ఉత్తుత్తి డబ్బా పెడుతుంది, ఆ వరసలో రసం, పిప్పితో పాటు దానికీ చోటు ఇవ్వాలి కాబట్టి. బాణం ఇంకో డబ్బా మీదుగా పోకుండా ఉండేది ఈ ఏర్పాటువల్లే.

అసలు కష్టం ఆ తర్వాతది. ఒక్కో వరసలో ఎడమ నుంచి కుడికి ఎవరు ఎక్కడ? ఎగువన రసం ఎడమా పిప్పి కుడీ ఉండి, దిగువన బాయిలర్ ఎడమా తేర్పు కుడీ వచ్చాయంటే గీతలు అడ్డంగా కోసుకుంటాయి. మన బొమ్మ చిన్నది కాబట్టి సరిపోయింది. వరసలో 10 డబ్బాలుంటే వాటిని పేర్చే తీరులు 36,28,800. అలాంటి వరసలు రెండుంటే తీరులు 13 లక్షల కోట్లు దాటతాయి. కోతలు అన్నింటికన్నా తక్కువ పడే అమరికను ఎప్పుడూ వేగంగా కనిపెట్టే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. గణితంలో ఇది ఎన్‌పీ కంప్లీట్ అని పేరుపడ్డ మొండి లెక్కల జాబితాలోది. కాబట్టి డాట్ అత్యుత్తమం కోసం పట్టుబట్టదు. ప్రతి డబ్బానీ దానితో బాణాలు కలిసిన చుట్టాల మధ్యస్థానంలోకి జరుపుతూ, పైనుంచి కిందికీ కింద నుంచి పైకీ తిరుగుతుంది. పక్కపక్క డబ్బాలని తారుమారు చేసి కోతలు తగ్గాయేమో చూస్తుంది. 1993 నాటి ఆ వ్యాసం ప్రకారం ఎక్కువలో ఎక్కువ 24 విడతలు, ఆపైన దొరికినవాటిలో మెరుగైనది ఖాయం. ఇంజనీరింగ్ అంటే నాకు ఇష్టం కలిగేది ఇలాంటి చోట్లే.

బొమ్మ అక్షరాలైపోతే డాక్యుమెంటులో దాని బతుకే మారుతుంది. కోడ్ పక్కనే, అదే భాండారంలో ఉంటుంది. వడపోత చేర్చినవాళ్లు కోడ్ ఫైలు మార్చిన మార్పుల కట్టలోనే (కమిట్) బాణం లైను కూడా మారుస్తారు. సమీక్ష చేసేవాళ్లకి ఏ లైను పోయిందో, ఏ రెండు లైన్లు వచ్చాయో ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తుంది. అదే బొమ్మ ఫైలైతే రెండు ఫైళ్లూ వేరు అన్న కబురు తప్ప ఇంకేం తెలియదు. 1997లో వచ్చిన డాక్సిజన్ అనే సాధనం డాట్‌ని ఈ పనికే పెట్టుకుంది, కోడ్‌ని చదివి ఎవరు ఎవరిని పిలుస్తారో బొమ్మ వేసి డాక్యుమెంటులో కూర్చేది. 2009లో ఫ్రాన్స్ నుంచి ఆర్నో రోక్ తెచ్చిన ప్లాంట్‌యూఎంఎల్ కూడా చాలా రకాల బొమ్మలకి లోపల డాట్ మీదే ఆధారపడింది. 2014లో స్వీడన్‌లో క్నూట్ స్వేడ్‌క్విస్ట్ మొదలుపెట్టిన మెర్మెయిడ్ ఇదే పనిని బ్రౌజర్లోకి తెచ్చింది. 2022 ఫిబ్రవరి 14న కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ దాన్ని నేరుగా తన పేజీల్లో గీయడం మొదలుపెట్టింది. అప్పట్నించీ వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోకుండానే రీడ్‌మీ ఫైల్లో నాలుగు లైన్లు రాస్తే చాలు.

అక్షరాలతో రాసి, అసలు రూపాన్ని యంత్రానికి వదిలెయ్యడం ప్రవాసాంధ్రులకి అలవాటైన దారే. 1990లలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో జనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టేవారు, ప్రోగ్రాం దాన్ని తెలుగులిపిగా మార్చేది.

ఇక లోపాలు. డాట్‌కి ఒక్క లైను కొత్తగా ఇస్తే చిన్న మార్పుకే మొత్తం బొమ్మ ఎడమది కుడికి, కుడిది ఎడమకి తిరగబడవచ్చు. నిన్నటి బొమ్మ కళ్లకి అలవాటైనవాళ్లు తడబడతారు. నచ్చినచోటికి డబ్బాని లాగాలనుకునేవాళ్లు కనబడని బాణాలు చేర్చి దాన్ని మభ్యపెడుతుంటారు. చివరికి ఆ బాణాలెందుకో రాసినాయనకే అర్థం కాదు. డబ్బాలు 30 దాటాయంటే ఆ బొమ్మని ఎవరూ చదవరని నా అభిప్రాయం, రెండు చేసుకోవడం మేలు. అక్షరాల్లో ఉన్నంత మాత్రాన బొమ్మ నిజం చెబుతుందన్న హామీ కూడా లేదు. కోడ్ మార్చి బాణం లైను మరిచిపోయేవాళ్లని ఏ సాధనమూ ఆపలేదు.

తెలుగులో పేర్లు పెడితే ఇంకో గొడవుంది. గీతలు, కూడిక గుర్తులతో డబ్బా కట్టే పాత పద్ధతి ఒకటి ఇంకా బతికే ఉంది. ఇంటర్నెట్‌కి ఆధారమైన టీసీపీ నియమాల పత్రం, 1981 సెప్టెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 793లో, స్థితుల బొమ్మ మొత్తం అలా టైపు చేసిందే. ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు అన్న నమ్మకం మీద అది నిలబడుతుంది. తెలుగులో ఆ నమ్మకం చెల్లదు. 'క్ష్మి' కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. అలాంటి పేరు పెట్టగానే డబ్బా కుడిగోడ పక్కకి జరిగిపోతుంది.

డాట్‌కి ఈ ఇబ్బంది లేదు గానీ ఫాంటు కావాలి. బొమ్మ గీసే సర్వర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే పేర్లకి బదులు ఖాళీ చతురస్రాలు వస్తాయి. సర్వర్ ఒక ఫాంటుతో డబ్బా వెడల్పు కొలిచి ఎస్‌వీజీ ఫైలు ఇస్తే, చదివేవాళ్ల ఫోన్‌లో ఇంకో ఫాంటు ఉంటే 'సెంట్రిఫ్యూగల్' డబ్బా గోడ దాటి బయటికి పొడుచుకొస్తుంది. మెర్మెయిడ్ డబ్బాని చదివేవాళ్ల బ్రౌజర్లోనే కొలిచి గీస్తుంది కాబట్టి తెలుగు పేర్లకి మామూలుగా అదే సులువు.