నాన్నగారి జీపు

మా గుడివాడ ఇంటి షెడ్డులోని జీపు విల్లీస్ రకానిది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా వారు బొంబాయిలో వీటిని బిగించడం మొదలుపెట్టారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత నాన్నగారు దీనిమీదే దివిసీమకు బియ్యం చేరవేశారు. అందుకే తూకానికి అమ్మెయ్యమని ఎందరు చెప్పినా మాకు మనసొప్పలేదు.

క్లచ్ జారుతోందని ఒకచోట కొత్త ప్లేటు వేయించాం. రెండు నెలలకే మళ్లీ జారింది! చివరకు బందరులో ఒక ముసలి మేస్త్రి గేరుబాక్సు దింపించి, ప్లేటును వేలితో తుడిచి చూపించారు. అంతా ఆయిలే.

"జబ్బు ప్లేటుది కాదు బాబూ, గేరుబాక్సుది."

ముందు బేరింగు అరిగి షాఫ్టు ఊగుతోందట, ఆయిల్ క్లచ్‌లోకి కారుతోందట. ఆ బేరింగు, సీలు, ప్లేటు, రిలీజు బేరింగు మార్చారు. రెండో గేరు గరగరలాడటానికి లోపలి ఇత్తడి రింగు అరగడమే కారణం. అదీ కొత్తది వేశారు. మొదటి గేరుకు అసలు ఆ రింగే ఉండదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. నాన్నగారు అలాగే వేసేవారు. ఆత్రపడి పళ్లు అరగదీసింది మేమే.

పోయిన నెల అమ్మను ఎక్కించుకుని చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ వెళ్లాం. దారంతా ఆమె ఏమీ మాట్లాడలేదు. ఊరు దగ్గరపడుతుండగా, "ఇదేరా ఆ చప్పుడు" అంది.