నీడను ఊరికే నమ్మని వాళ్లు

ఎక్స్‌రేని కనిపెట్టిన రాంట్‌జెన్ భార్య బెర్తా చేతి ఎక్స్‌రే మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చి ఉంటే, నాకు పని నేర్పిన సీనియర్ దాన్ని పక్కన పడేసి "మళ్లీ తియ్యి" అనేవాడు. వేలికి ఉంగరం అలాగే ఉంది. కుడి చెయ్యో ఎడమ చెయ్యో చెప్పే సీసపు అక్షరం లేదు. ఎముకల అంచులు చెదిరిపోయాయి. చెదరవా మరి! 1895 డిసెంబరు 22న, జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో, ఆవిడ ఫొటో ప్లేటు మీద చెయ్యి పెట్టి పావుగంట సేపు కదలకుండా కూర్చుంది. ఇప్పుడు అదే చెయ్యి ఎక్స్‌రేకి సెకనులో చిన్న వంతు చాలు. ఇన్ని లోపాలున్న ఆ ప్లేటే బహుశా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ మంది చూసిన ఎక్స్‌రే.

నేను ప్రకాశం జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషిని. డాక్టర్ని కాను. పల్లెల నుంచి వచ్చేవాళ్లకి ఆ తేడా పట్టేది కాదు. ఫిలిం ఇంకా తడిగా హ్యాంగర్‌కి వేలాడుతుండగానే "ఏం కనపడింది సారూ?" అని అడిగేవాళ్లు. "నీడలు కనపడ్డాయమ్మా, డాక్టరు గారు చూసి చెప్తారు" అనేవాణ్ణి. తప్పించుకోడానికి అన్న మాట కాదది. ఫిలిం మీద ఉండేవి నిజంగానే నీడలు.

ట్యూబులోంచి వచ్చిన కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోయి ఫిలింకి తగిలిన చోట నల్లబడుతుంది. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి కాబట్టి పెద్దగా అడ్డు లేదు, అక్కడ నలుపు. ఎముకలో కాల్షియం ఉంది. మాంసంలో ఉండే కార్బన్, ఆక్సిజన్ కంటే బరువైన పరమాణువు అది, కిరణాల్ని ఎక్కువగా పట్టేస్తుంది, అక్కడ తెలుపు. బంగారం, సీసం అయితే దాదాపు వదలనే వదలవు. చిక్కేమిటంటే మనిషికి ముందున్నవీ వెనకున్నవీ అన్నీ ఒకే ఫిలిం మీద ఒకదానిపై ఒకటి పడతాయి. గుండె నీడ, పక్కటెముక నీడ, చొక్కా గుండీ నీడ. ఏది దేని నీడో తేల్చడమే ఈ పనిలో ఉన్న విద్యంతా. రాంట్‌జెన్ అంటే నాకు గౌరవం కలిగింది కూడా అందుకే.

1895 నవంబరు 8, శుక్రవారం సాయంత్రం. ఆయనకి అప్పటికి యాభై ఏళ్లు, వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసరు. గాలి తీసేసిన గాజు గొట్టంలోకి హై వోల్టేజి కరెంటు పంపితే ఏమవుతుందో ఆ రోజుల్లో యూరప్‌లో చాలామంది చూస్తున్నారు. ఆయన గొట్టానికి నల్ల అట్ట తొడిగి, గది చీకటి చేసి, వెలుతురు ఎక్కడా బయటికి రావడం లేదని చూసుకున్నాడు. అయినా కాస్త దూరంలో ఉన్న బేరియం ప్లాటినోసైనైడ్ పూసిన తెర మిలమిలలాడింది. కరెంటు ఆపితే ఆగింది, ఇస్తే మళ్లీ మెరిసింది.

బళ్లో పాఠం ఇక్కడ ఆగిపోయి, అనుకోకుండా కనిపెట్టాడని చెప్పి పిల్లల్ని పంపేస్తుంది. నాకు ఆ మాట నచ్చదు. అనుకోకుండా కంటపడటం అంతకు ముందే జరిగింది. 1890 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్ అనే ప్రొఫెసరూ, జెన్నింగ్స్ అనే ఫొటోగ్రాఫరూ ఇలాంటి గొట్టంతోనే పనిచేస్తున్నారు. దగ్గర్లో పెట్టి ఉన్న ఒక ప్లేటును తర్వాత కడిగితే దాని మీద గుండ్రటి మచ్చలు కనపడ్డాయి. ఎందుకొచ్చాయో అంతుపట్టలేదు, ప్లేటును పక్కన పెట్టేశారు. ఆరేళ్ల తర్వాత రాంట్‌జెన్ సంగతి విని పాత ప్లేట్లు తిరగేస్తే తెలిసింది, అవి నాణేల నీడలని! పాపం గుడ్‌స్పీడ్ మంచివాడు. ఆ ఘనత తనదని ఎక్కడా వాదించలేదు.

రాంట్‌జెన్ ఆ మెరుపును పక్కన పెట్టలేదు, నమ్మనూ లేదు. ఏడు వారాల పాటు తన కంటినే అనుమానించాడు. తెరను రెండు మీటర్ల దూరానికి జరిపాడు, మెరిసింది. మధ్యలో వెయ్యి పేజీల పుస్తకం అడ్డం పెట్టాడు, మెరిసింది. పేకముక్కల కట్టలు, చెక్కలు, రబ్బరు, అన్నీ పెట్టి చూశాడు. 15 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక మెరుపును బాగా తగ్గించింది కాని పూర్తిగా ఆపలేదు. సీసం మాత్రం ఒకటిన్నర మిల్లీమీటరుకే ఇంచుమించు ఆపేసింది. (ఎక్స్‌రే గది తలుపుల్లో వేసే సీసపు రేకు ఇవాళ్టికీ దాదాపు ఆ మందమే.) అయస్కాంతం పెట్టి వంచబోతే కిరణాలు వంగలేదు. మూసి ఉన్న పెట్టెలోని తూకపు రాళ్ల నీడను, చెక్క రీలుకి చుట్టిన తీగ నీడను ప్లేటు మీదికి ఎక్కించాడు. తన చెయ్యి అడ్డం పెడితే తెర మీద ఎముకలు కనపడ్డాయి. కన్ను పొరబడొచ్చు గాని ప్లేటు పొరబడదు కదా. అందుకే భార్యని పిలిచి ఆవిడ చేతిని ప్లేటుకి ఎక్కించాడు.

డిసెంబరు 28న వూర్జ్‌బర్గ్ భౌతిక వైద్య సంఘానికి వ్యాసం ఇచ్చాడు. చివర్లో ఇవి ఈథర్‌లో పుట్టే అనుదైర్ఘ్య తరంగాలేమోనని ఊహించాడు. ఆ ఊహ తర్వాత వీగిపోయింది. కొలిచి రాసినవి మాత్రం నిలబడ్డాయి.

ఆ తర్వాత ఇది వచ్చినంత వేగంగా వైద్యంలోకి మరే కొత్త సంగతీ రాలేదేమో. 1896 జనవరి 1న తోటి శాస్త్రవేత్తలకి వ్యాసం, ఫొటోలు పోస్టులో వేశాడు. వారం తిరిగేలోపే వియన్నా పత్రికలో పడింది. 23న వూర్జ్‌బర్గ్‌లో సభ పెట్టి, 78 ఏళ్ల శరీరశాస్త్ర పండితుడు కోలికర్ చేతికి అందరి ముందూ ఎక్స్‌రే తీశాడు. ఫిబ్రవరి 3న అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ఓ కుర్రాడి విరిగిన మణికట్టుకి తీశారు. 1897లో బ్రిటిష్ సైనిక వైద్యుడు బీవర్ ఆ యంత్రాన్ని తీరా అనే చోట జరిగిన యుద్ధానికి, అప్పటి మన దేశపు వాయవ్య సరిహద్దు కొండల్లోకి మోయించుకుపోయి సైనికుల ఒంట్లో దిగిన తూటాల్ని వెతికాడు. అంతవరకూ తూటా ఎక్కడుందో తెలియాలంటే గాయంలోకి వేలో కడ్డీయో పెట్టి తడుముకోవడమే.

ఇంత తొందరగా ఎలా పాకిందంటే, గాజు గొట్టమూ ఇండక్షన్ కాయిలూ చాలా కాలేజీ ల్యాబుల్లో అప్పటికే ఉన్నాయి. పైగా రాంట్‌జెన్ పేటెంట్ తీసుకోలేదు. 1901లో ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ ఆయనకే వస్తే ఆ డబ్బును విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ధరలు ఆకాశానికంటిన రోజుల్లో, 1923 ఫిబ్రవరి 10న, మ్యూనిక్‌లో పోయాడు.

మొదటి తరం వాళ్లు మాత్రం రాంట్‌జెన్‌లా అనుమానించలేదు. కిరణం కంటికి కనపడదు, తగిలితే నొప్పి ఉండదు. చర్మం కమలడం రోజులు, వారాలు గడిచాక మొదలవుతుంది. అందుకని చాలామంది తప్పు కరెంటు మీదికి నెట్టారు. ఉదయం రాగానే ట్యూబు ఎలా పనిచేస్తోందో చూడ్డానికి వాళ్ల పద్ధతేమిటో తెలుసా? సొంత చెయ్యి అడ్డం పెట్టి తెర మీద ఎముకలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూసుకోవడం. రోజూ. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే చేసి, పుండ్లు పడి, క్యాన్సరై, రెండు చేతులూ పోగొట్టుకుని 1904లో 39 ఏళ్లకే చనిపోయాడు. ఎడిసన్ మళ్లీ ఎక్స్‌రే జోలికి పోలేదు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హాం డాక్టరు హాల్ ఎడ్వర్డ్స్ 1896లో చేతిలో విరిగిన సూదిని ఎక్స్‌రేతో చూపించిన తొలి వైద్యుల్లో ఒకడు. 1908లో ఆయన ఎడమ చెయ్యి తీసెయ్యాల్సి వచ్చింది. జర్మనీలో హాంబర్గ్ ఆసుపత్రి ఆవరణలో 1936లో ఇలాంటి వాళ్లకి ఒక స్మారకం కట్టారు. మొదట చెక్కినప్పుడే దాని మీద 169 పేర్లు.

నా చొక్కాకి ఎప్పుడూ వేలాడిన టీఎల్‌డీ బ్యాడ్జి ఆ పేర్ల నుంచే వచ్చిందని నా లెక్క. మూడు నెలలకోసారి అది ల్యాబుకి వెళ్లి, నాకెంత రేడియేషన్ తగిలిందో కాగితం మీద వచ్చేది. మన దేశంలో ఈ పనివాళ్లకి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. పేషెంటుకి ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది 0.1 మిల్లీసీవర్టు, లేదా ఇంకా తక్కువ. నేల నుంచీ ఆకాశం నుంచీ ఏ మనిషికైనా ఏడాదిలో తగిలేది ప్రపంచ సగటున 2.4. కాబట్టి డాక్టరు రాసిన ఛాతీ ఎక్స్‌రేకి భయపడి పారిపోకండి. అలాగే డాక్టరు వద్దన్నా "ఎందుకైనా మంచిది, స్కానింగ్ రాయండి" అని మీద పడకండి. ఛాతీ సీటీ స్కాన్‌లో తగిలేది ఎక్స్‌రేకి పదుల రెట్లు.

ఇక నా గదిలోకి వద్దాం. ఛాతీ ఎక్స్‌రేకి ఆడవాళ్లు వస్తే నేను మొదట చూసేది జడ. నూనె రాసి గట్టిగా అల్లిన జడ వీపు మీద అలాగే ఉంటే, ఊపిరితిత్తి పై భాగాన తెల్లటి మబ్బులాంటి నీడ పడుతుంది. క్షయ మచ్చలు ఎక్కువగా వచ్చేదీ సరిగ్గా ఆ చోటే. "అమ్మా, జడ పైకి ముడేసుకో. గొలుసులు తీసి మీవాళ్లకివ్వు." "పుస్తెలు తియ్యకూడదు బాబూ." "తియ్యొద్దులే తల్లీ, పైకెత్తి పంటితో పట్టుకో. ఊపిరి నిండా పీల్చు, బిగబట్టు." ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టని టెక్నీషియన్ వల్ల జబ్బు లేనివాళ్లు నెలల తరబడి క్షయ మందులు మింగే ప్రమాదం ఉంది.

జడ నీడనైతే పట్టుకోవచ్చు. ఊపిరితిత్తిలోనే నిజంగా ఉన్న నీడ మోసం చేస్తే? దానికి జవాబు మన తెలుగు నేల మీదే దొరికింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానటోరియం ఉండేది. దాన్ని నడిపిన డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమాట్ మోలర్, తోటి వైద్యుడు బార్టన్ కొందరు రోగుల విషయంలో ఆగి ఆలోచించారు. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా మచ్చలు. చూడ్డానికి అచ్చం క్షయే. కఫంలో మాత్రం క్షయ క్రిమి దొరకదు. రక్తం పరీక్షలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. ఇది క్షయ కాదు, క్షయలా కనపడే మరేదో అని 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. మన ఊళ్లలో "ఈస్నోఫీలియా" అని పిలిచే జబ్బు అలా బయటపడింది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల మీద ఒళ్లు తిరగబడటం వల్ల వస్తుందని తర్వాత తేలింది, మందూ దొరికింది. ఆ ఇద్దరూ నీడను చూసి సరిపెట్టుకుని ఉంటే ఆ రోగులు శానటోరియం మంచాల మీదే ఉండిపోయేవాళ్లు.

మా ప్రాంతానికి దీనికంటే దగ్గరి కథ ఇంకొకటుంది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి మెడ తిప్పలేని, నడుం వంచలేని పెద్దవాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్ల నడుం ఎక్స్‌రేని మామూలు కేవీలో, అంటే ట్యూబుకిచ్చే మామూలు వోల్టేజిలో, తీస్తే సున్నం కొట్టిన గోడలా వస్తుంది, వెన్నుపూసల మధ్య సందే తెలియదు. కేవీ పెంచి మళ్లీ తియ్యాలి. నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకలో చేరి దాన్ని చిక్కబరుస్తుంది, ఎముకల్ని కట్టి ఉంచే సంధి బంధనాల్ని కూడా గట్టిపరుస్తుంది. ఫిలిం మీద ముంజేతి రెండెముకల మధ్య ముళ్లలా పొడుచుకొచ్చిన నీడ కనపడితే ఊరి పేరు అడగక్కర్లేదు. ఈ ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండగా, 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం ఈ జబ్బును ప్రపంచానికి చెప్పింది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రేడియాలజీ సంస్థను నిలబెట్టిన కెప్టెన్ బర్నార్డ్ ఆ పరిశోధకుల్లో ఒకరు. ఎముకలెందుకంత తెల్లగా ఉన్నాయన్న ప్రశ్న బావి నీళ్ల పరీక్ష దాకా పోయింది. కారణం తెలిసినా మంచినీళ్లు రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో మా జిల్లాలో ఎవర్ని అడిగినా చెబుతారు. అది ఎక్స్‌రే తప్పు కాదు.

నీడలు ఒకదానిపై ఒకటి పడే చిక్కును విడదీసినవాడు ఇంగ్లండ్ ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్. తల చుట్టూ ట్యూబును తిప్పుతూ అన్ని వైపుల నుంచీ కొలతలు తీసుకుని, అడ్డంగా కోసిన ముక్కలా బొమ్మను కంప్యూటరుతో లెక్క కట్టించాడు. 1971 అక్టోబరు 1న లండన్ ఆసుపత్రిలో తొలి రోగికి అలా స్కాన్ తీశారు. పుర్రె లోపలి మెదడు, అందులోని గడ్డ మొదటిసారి విడివిడిగా కనపడ్డాయి. సీటీ అంటే అదే.

ఇప్పుడు చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు క్షయ శిబిరాలకి పల్లెల్లోకే వెళ్తున్నాయి. డార్క్ రూం లేదు, డెవలపర్ వాసన లేదు. బొమ్మను కంప్యూటరే చూసి క్షయ అనుమానం ఎంతో ఒక అంకె ఇస్తుంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలకి దీన్ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మొన్న మా ఊళ్లో శిబిరం పెడితే చూడ్డానికి వెళ్లాను. ఒక పెద్దాయనకి అంకె బాగా ఎక్కువ వచ్చింది. "చిన్నప్పుడెప్పుడైనా టీబీ మందులు వాడారా తాతా?" అని అడిగింది అక్కడి నర్సమ్మ. వాడాడట. మానిపోయిన పాత మచ్చ కూడా ఎక్స్‌రేలో తెల్లగానే ఉంటుంది, దాన్ని చూసి కంప్యూటరూ అనుమానిస్తుంది. ఆవిడ జబ్బని చెప్పనూ లేదు, లేదని పంపనూ లేదు. పేరు రాసిన డబ్బా ఆయన చేతిలో పెట్టి, రేపు పొద్దున్నే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి కఫం పట్టుకు రమ్మంది.