ఎడారి గులాబి: నీటిని దాచుకునే మొక్క

విద్యార్థులారా! చిన్న కుండీలో ఏనుగు పాదంలా ఉబ్బిన మొదలు, దానిమీద గులాబీరంగు పూలు ఉన్న మొక్కను మీరు నర్సరీల్లో చూసే ఉంటారు. దాని పేరు అడీనియం ఒబీసమ్. ఎడారి గులాబి అని పిలుస్తున్నా, గులాబికీ దీనికీ బంధుత్వం లేదు. ఇది గన్నేరు కుటుంబానికి చెందినది. 1775లో వెలువడిన ఫోర్స్‌కాల్ గ్రంథంలో దీన్ని గన్నేరు ప్రజాతిలోనే చేర్చారు. తరువాత ఏడెన్ పేరు మీదుగా అడీనియం అనే ప్రజాతి ఏర్పడింది. లాటిన్‌లో ఒబీసమ్ అంటే లావైనది అని అర్థం.

మొదలు ఎందుకు ఉబ్బుతుంది?

ఈ మొక్క స్వస్థలం సహారాకు దక్షిణాన ఉన్న పొడి ప్రాంతాలు, అరేబియా ద్వీపకల్పం. అక్కడ వానలు కొద్ది నెలలే. అందువల్ల కాండం అడుగుభాగం, వేరు పైభాగం కలిసి ఉబ్బి, మృదు కణజాలంలో నీటిని నిల్వ చేసుకుంటాయి. పొడి కాలంలో మొక్క ఆకులు రాల్చి, బాష్పోత్సేకాన్ని తగ్గించుకుంటుంది. ఆకులు రాలినంత మాత్రాన మొక్క చచ్చిపోయిందని పారేయకండి. విత్తనం నుంచి పెరిగిన మొక్కకు మొదలు చక్కగా ఊరుతుంది. కొమ్మ నాటితే అంత బాగా ఊరదు.

ఎలా పెంచాలి?

అడుగున చిల్లులున్న కుండీ తీసుకోండి. ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, కొద్దిగా కంపోస్టు కలిపి నింపండి. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలేచోట ఉంచండి. పూలు కొత్త చిగుళ్ల కొసల్లో వస్తాయి. కాబట్టి చలి తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే ఎక్కువ చిగుళ్లు, ఎక్కువ పూలు వస్తాయి.

ఈ మొక్కలు ఎండి చావడం తక్కువ, కుళ్లి చావడం ఎక్కువ. మట్టి రంధ్రాల్లో నీరు నిలిస్తే వేర్లకు ఆక్సిజన్ అందదు. శ్వాసక్రియ కుంటుపడిన వేర్లను శిలీంధ్రాలు తేలిగ్గా పట్టుకుంటాయి. కాబట్టి మట్టి బాగా ఆరాకే నీరు పోయండి. చలికాలంలో ఇంకా తగ్గించండి.

నొక్కి చూడండి

మొదలును బొటనవేలితో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే నీటి నిల్వ బాగుంది. మెత్తగా ఉండి, మట్టి పొడిగా ఉంటే మొక్కకు దాహం వేసింది, నీరు పోయండి. మెత్తగా ఉండి, మట్టి తడిగా ఉంటే అది కుళ్లు. అప్పుడు నీరు పోస్తే మొక్క దక్కదు. వెంటనే కుండీలోంచి తీసి, కుళ్లిన భాగాన్ని శుభ్రమైన కత్తితో పూర్తిగా కోసి, గాయం ఆరేదాకా నీడలో ఉంచి, కొత్త మట్టిలో నాటండి.

జాగ్రత్త!

గన్నేరులాగే దీని రసం విషం. అందులోని గ్లైకోసైడులు గుండె కండర కణాల్లోని సోడియం-పొటాషియం పంపును అడ్డుకుంటాయి. ఆఫ్రికాలో వేటగాళ్లు ఈ రసాన్ని బాణాల మొనలకు పూసేవారు. కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, తరువాత సబ్బుతో కడుక్కోండి. పసిపిల్లలకు, పశువులకు అందకుండా ఉంచండి. ఎవరైనా నమిలితే సొంత వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆలోచించండి

1. బంగాళాదుంప దాచుకునేది ముఖ్యంగా ఏమిటి? అడీనియం దాచుకునేది ఏమిటి?
2. ఒకే పరిమాణం గల మట్టి కుండీ, ప్లాస్టిక్ కుండీలలో మట్టి ఏది ముందు ఆరుతుంది? ఎందుకు?