గుండెలో కూత

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం గుర్తొస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకని ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం అది వర్క్‌షాపు ఊరు. ఆవిరి ఇంజన్లు ఎరిగిన పెద్దవాళ్లకు గుండె చిల్లు గురించి చెప్పడం తేలిక. బాయిలరులో ఒత్తిడి, బయటికి సన్నటి సందు. రెండూ ఉంటేనే కూత.

గుండె కింది గదులు జఠరికలు. ఎడమది ఒళ్లంతటికీ నెత్తురు తోయాలి. కుడిదానికి పక్కనున్న ఊపిరితిత్తులదాకా పంపితే చాలు. అందుకే పెద్దవాళ్లలో ఎడమ గది ఒత్తిడి సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసమైతే, కుడిది 25 దగ్గరే. ఈ రెంటి నడిమి గోడ కడుపులో ఏడెనిమిది వారాలకల్లా పూర్తవ్వాలి. ఎక్కడైనా పూడకపోతే అదే చిల్లు. ఆ వేళకు తాను నీళ్లోసుకున్న సంగతి కొందరు తల్లులకు తెలిసే ఉండదు. గ్రహణం చూసిందనీ బరువులెత్తిందనీ ఆమెను ఆడిపోసుకుంటారు, పాపం.

చిల్లు చిన్నదైతే నెత్తురు జోరుగా చిమ్ముతుంది, స్టెతస్కోపులో చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. 1879లో ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ రోజే గమనించింది ఇదే: గుండెలో అంత చప్పుడు, బిడ్డేమో హాయిగా ఆడుకుంటోంది. ఇలాంటివి చాలావరకు వాటంతటవే పూడిపోతాయి.

భయమంతా పెద్ద చిల్లుతోనే. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకునే ఉంటాయి కనుక బిడ్డ నిక్షేపంగా ఇంటికొస్తుంది. కొన్ని వారాలకు అవి వదులయ్యాక నెత్తురు అటు పోటెత్తుతుంది. పాలు తాగుతూ రొప్పడం, నుదుట చెమట, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా. చెమటను ఉక్క మీదికి నెట్టేస్తాం. ఖరగ్‌పూర్ వేసవిలో ఆ సాకు సులువుగా దొరుకుతుంది.

అలాగే వదిలేస్తే, ఏళ్లు గడిచేసరికి ఆ నాళాలు మందమెక్కుతాయి. కుడి ఒత్తిడి ఎడమదానికి సమానమవుతుంది, చప్పుడు తగ్గుతుంది! నయమైందని ఇంట్లో సంబరం. తర్వాత ప్రాణవాయువు తక్కువైన నెత్తురు ఎదురు తిరిగి పెదవులు, గోళ్లు నీలబడతాయి. 1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ వర్ణించిన స్థితి ఇది. అప్పుడు చిల్లు మూస్తే ప్రాణం మీదికొస్తుంది, ఎందుకంటే కుడి గదికి అప్పటికి సేఫ్టీ వాల్వు అదే. చప్పుడు తగ్గింది చిల్లు పూడినందుకా, ఒత్తిళ్లు సమానమైనందుకా అన్నది ఎకో పరీక్ష తేల్చాలి.

వేళకు దొరికితే అతుకు వెయ్యొచ్చు. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై తొలిసారి ఈ చిల్లు మూసినప్పుడు, బిడ్డ నెత్తుటి ప్రసరణను గొట్టాలతో తండ్రి ప్రసరణకు కలిపారు. కొద్ది రోజులకే బిడ్డ న్యుమోనియాతో పోయాడు. చిల్లు మాత్రం మూసుకునే ఉంది. ఇప్పుడు ఆ తండ్రి పని యంత్రం చేస్తోంది. ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ బెంగాల్లో 2013లో మొదలైన శిశు సాథీ పథకం కింద పిల్లలకు గుండె ఆపరేషన్లు ఉచితం. అతుకు డెక్రాన్ గుడ్డ కావచ్చు, బిడ్డ గుండె పైపొర ముక్కే కావచ్చు. చిక్కల్లా ఒకచోటే. చాలా చిల్లుల అంచు వెంబడే గుండె లయను మోసే సన్నటి కట్ట సాగుతుంది. సూది దానికి తగిలితే పై గదుల కబురు కిందికి అందదు. అందుకే సర్జను అక్కడికొచ్చేసరికి అంచును వదిలి, కుడి గది వైపున, కాస్త ఎడంగా కుట్టుకుంటూ పోతాడు.