గోడలోని గొట్టం గోడు వింటున్నారా?

తెల్లవారుజామునే లేచి, వాకిలి కడిగి ముగ్గేసి, కాఫీకి నీళ్ళు పట్టుకుందామని కుళాయి తిప్పుతారు. ముందు బుస్సుమంటూ గాలి. ఆ వెనక పసుపు కలిపినట్టు ఓ ధార. "కాసేపు పోనిస్తే అవే తేటపడతాయిలే" అనుకుని రెండు చెంబులు పారబోసి, మూడో చెంబు స్టవ్వు మీద పెట్టేస్తారు. అవునా? మీరే కాదు, మనలో చాలామంది చేసే పనే అది. ఆ రెండు చెంబుల పసుపు నీళ్ళూ గోడలోని పైపు మనకు రాసిన ఉత్తరమే. చదవకుండా పారబోస్తున్నాం, అంతే!

పాత ఇళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ ఇదే తంతు. గౌతమి ఒడ్డునున్న మా యానాంలో మరికాస్త ఎక్కువ. 1954 జూన్‌లో ఫ్రెంచివాళ్ళ పాలన పోయేనాటికే ఉన్న సున్నపు గోడల ఇళ్ళు, పెంకుటిళ్ళు ఇక్కడ ఇంకా కనిపిస్తాయి. ఆ ఇళ్ళు కట్టినప్పుడు పైపుల ఆలోచన ఎవరికుంది? పెరట్లో నుయ్యి, వీధి చివర గోదారి. కుళాయిలు తర్వాత వచ్చాయి. గోడకి గాడి కొట్టి ఇనప పైపు దూర్చి, పైన సిమెంటు పూసేశారు. అలా దూర్చిన పైపులకి ఇప్పుడు ముప్ఫై, నలభై ఏళ్ళు. మనిషికైతే నడివయసు, ఇనప పైపుకి మాత్రం ముసలితనమే.

ఈ ఇనప పైపునే జి.ఐ. పైపు అంటారు. తుప్పు పట్టకుండా దానికి జింకు పూత ఉంటుంది. ఏళ్ళ తరబడి నీళ్ళు పారీపారీ ఆ పూత అరిగిపోతుంది. అక్కణ్ణుంచి ఇనుము తుప్పు పట్టి, ఆ తుప్పు లోపలే పొక్కులు పొక్కులుగా పేరుకుంటుంది. అరంగుళం పైపులో చివరికి పెన్సిలు పట్టేంత దారి మిగులుతుంది. సముద్రం దగ్గర్లో ఉన్న ఊళ్ళలో బయటి నుంచి మరో శత్రువు - ఉప్పు. గాలిలో ఉప్పు, నేలలో ఉప్పు, చాలాచోట్ల బోరు నీళ్ళలోనూ ఉప్పే. మట్టిలో పాతిన పైపుని అది బయటినుంచి తినేస్తుంది. 2022 జూలై వరదలో యానాంలో ఎన్నో వీధులు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అలా నానిన ఇళ్ళలో నేలలోని పైపుల్ని ఒకసారి చూపించుకోవడం మంచిది.

ముందు పసిగట్టేది మీరే

పైపు పాడైందని ప్లంబరుకంటే ముందు ఇల్లాలికే తెలుస్తుంది. ఈ గుర్తులు చూడండి.

వంటింటి కుళాయి సన్నగా వస్తుంటే, ట్యాంకు దగ్గర కుళాయి తిప్పి చూడండి. అక్కడ జోరుగా వచ్చి, ఇక్కడ రాకపోతే నడిమి పైపు పూడుకుపోయిందన్నమాట.

పొద్దున్నే మొదటి నీళ్ళని తెల్లటి పింగాణీ గిన్నెలో పట్టండి. ముందు ఎర్రగా వచ్చి, కాసేపటికి తేటపడితే తుప్పు మీ ఇంటి పైపులోదే. ఎంతసేపు వదిలినా తేటపడకపోతే వీధి పైపులోనో, బోరులోనో ఉంది.

టీ ఉన్నట్టుండి నల్లగా దిగుతోందా? తెల్ల పంచెల మీద గోధుమరంగు మరకలా? ఇవీ ఇనుము చేసే పనులే. ఆ మరకలకి బ్లీచింగు మాత్రం పెట్టకండి, ఇంకా గట్టిపడతాయి. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచితే వదులుతాయి.

గోడ మీద ఒకేచోట చెమ్మ, సున్నం పొలుసులుగా రాలడం, పెరట్లో ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే మడి - వీటి వెనక కారే పైపు ఉండొచ్చు. రాత్రి పడుకోబోయే ముందు మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. పొద్దున్న నీళ్ళు గీత కిందికి దిగాయంటే ఎక్కడో కారుతున్నట్టే.

"బొట్టే కదా" అనుకోకండి. బొట్టు కింద గ్లాసు పెట్టండి. రెండొందల మిల్లీలీటర్ల గ్లాసు పది నిమిషాల్లో నిండిందంటే, రోజుకి 144 గ్లాసులు. దాదాపు 29 లీటర్లు. రెండు బిందెలు!

నీళ్ళు పోవడం కాదు, మురుగు రావడం

నీళ్ళు వృథా అయితే బాధే. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. చిల్లులోంచి నీళ్ళు బయటికే పోతాయని కదా మనం అనుకుంటాం? పైపులో నీళ్ళు నిండుగా ఉన్నంతసేపూ అంతే. కానీ మన ఊళ్ళలో చాలాచోట్ల కుళాయి రోజంతా రాదు. నీళ్ళు ఆగగానే పైపు ఖాళీ అయి, చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ చుట్టూ ఉన్నది మురుక్కాలవ అయితే? కుళాయి పైపుకి నేరుగా మోటారు బిగించిన ఇళ్ళలో ఈ పీల్పు మరీ ఎక్కువ. మనింటికి రెండు బిందెలు ఎక్కువ వస్తాయని బిగించిన మోటారు, వీధంతటికీ మురుగు లాగిపెట్టవచ్చు.

ఇది బెదిరింపు కాదు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన కుళాయి నీళ్ళు తాగి వందలమంది ఆస్పత్రి పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 2018 మార్చిలో గుంటూరులోనూ అలాగే వాంతులు, విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా మనలాగే పొద్దున్నే బిందె పెట్టి నీళ్ళు పట్టుకున్నవాళ్ళే కదా.

అందుకని ఒక పని చేయండి. మీ తాగునీటి పైపు వీధిలోంచి ఇంట్లోకి ఏ దారిన వస్తోందో ఓ కాగితం మీద గీయండి. అది మురుక్కాలవనీ, సెప్టిక్ ట్యాంకునీ ఎక్కడ దాటుతోందో గుండ్రంగా చుట్టండి. మార్పించాల్సిన మొదటి ముక్క అదే. కొత్త పైపు మురుగు పైపుకి వీలైనంత దూరంగా, దాటక తప్పనిచోట దానికి పైనుంచి వెళ్ళాలి. గడప బయటి పనికి సొంతంగా రోడ్డు తవ్వకండి. యానాంలో అయితే పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటుకి, మిగతా ఊళ్ళలో మునిసిపాలిటీకో పంచాయతీకో చెప్పాలి.

అతుకా? కొత్తదా?

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దంటారు. నిజమే. ఒక జాయింటు కారితే ఆ జాయింటే బాగుచేయించండి. కానీ ఏడాది తిరక్కుండా ఒకే లైనులో రెండోచోటా కారిందంటే పైపు మొత్తం పండిపోయిందన్నమాట. ఇక అతుకులు దండగ. పాత ఇనప పైపుని ఒకచోట రెంచితో తిప్పితే పక్క జాయింటు కదలడం మామూలే.

ఒకేసారి అంత డబ్బు పెట్టలేకపోతే విడతలుగా చేయించండి. మొదట తాగునీటి లైను, తర్వాత వంటిల్లు, ఆ తర్వాత స్నానాలగది, చివర పెరటి కుళాయి.

పాత పైపు కోసం గోడంతా పగలగొట్టనివ్వకండి. సున్నపు గోడల్లో, ముఖ్యంగా పైకప్పు బరువు మోసే గోడల్లో, అడ్డంగా గాడి కొడితే గోడ బలం తగ్గుతుంది. పాతదాన్ని రెండు చివరలా మూసి అక్కడే వదిలేసి, కొత్త పైపుని గోడ మీదనుంచే క్లాంపులతో బిగించుకోవచ్చు. అందం తగ్గినా, కారితే కంటికి కనిపిస్తుంది. మనకి కావలసింది అదే.

ఏ పైపు కొనాలి? చన్నీళ్ళకి పీవీసీ చాలు. గీజరు లైనుకి మాత్రం వేడికి తట్టుకునే సీపీవీసీ వేయాలి. మామూలు పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. రెండింటికీ అతికించే జిగురు వేరువేరు. పైపు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. పీవీసీకి 4985, సీపీవీసీకి 15778 అనే నంబరు ఉంటుంది. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అందుకని "సీసం లేనిదేనా?" అని అడిగి కొనండి. ఇనప పైపే కావాలంటే దాని మీది పట్టీ రంగు చూడాలి: పసుపు పల్చటిది, నీలం మధ్యరకం, ఎరుపు మందపాటిది. జాయింట్లకి నార చుట్టి సఫేదా పూసే పాత పద్ధతి తాగునీటికి వద్దు, సఫేదాలో సీసం ఉంటుంది. తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టించండి.

మా పిన్ని ఇంట్లో జరిగింది

ఇది మాత్రం తప్పకుండా చదవండి. ఆ మధ్య మా పిన్ని వాళ్ళ పాత ఇంట్లో నేలలోని ఇనప పైపు తీసేసి ప్లాస్టిక్ పైపు వేయించారు. నీళ్ళు జోరుగా వస్తున్నాయని అందరూ మురిసిపోయారు. నాలుగో రోజున పిన్ని ఫోను: "ఏమే, గీజరు వేసి కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందే!"

చూస్తే సంగతేమిటంటే, ఎప్పుడో కరెంటు పని చేసినవాళ్ళు గీజరు ఎర్తు తీగని ఇనప నీళ్ళ పైపుకే చుట్టేశారు. ఇన్నాళ్ళూ ఆ పైపు నేలలో ఉంది కాబట్టి ఎర్తు పనిచేసింది. నేలలో ముక్క ప్లాస్టిక్ అయ్యేసరికి ఎర్తు తెగిపోయింది. గోడలో మిగిలిన ఇనప ముక్కలోకి, కుళాయిలోకి కరెంటు వచ్చేసింది. ఆవిడ కాళ్ళకి స్లిప్పర్లు ఉన్నాయి గనక సరిపోయింది.

పాత ఇళ్ళలో ఇలా పైపుకి ఎర్తు చుట్టడం చాలాచోట్ల ఉంది. కాబట్టి ప్లంబరుని పిలిచిన రోజే ఎలక్ట్రీషియన్నీ పిలవండి. ఎర్తు నీళ్ళ పైపు మీద ఆధారపడి ఉంటే, విడిగా ఎర్తు గొయ్యి తీయించాకే పైపు మీద చెయ్యి వేయించండి. మెయిను దగ్గర 30 మిల్లీయాంపుల షాక్ బ్రేకరు కూడా పెట్టించుకుంటే మరీ మంచిది.

పని అయ్యాక

* జిగురు ఆరడానికి ఒక రాత్రి వదలండి. తర్వాత లైను నింపి, కుళాయిలు కట్టేసి, ఓ రోజంతా ప్రతి జాయింటునీ పొడిగుడ్డతో తుడిచి చూడండి. తాపీమేస్త్రిని ఆ తర్వాతే పిలవండి.

* ట్యాంకు కడిగి నింపి, వెయ్యి లీటర్లకి 200 గ్రాముల బ్లీచింగు పొడిని బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రం పోయండి. క్లోరిన్ వాసన వచ్చేదాకా ప్రతి కుళాయీ వదిలి, కట్టేసి రాత్రంతా ఉంచండి. ఆ నీళ్ళు తాగడానికీ, వంటకీ వాడకూడదు. పొద్దున్న మొత్తం వదిలేసి, ఘాటు పోయేదాకా మంచినీళ్ళతో కడగండి. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

* ఎండ తగిలే ప్లాస్టిక్ పైపుకి నీళ్ళలో కలిపే రంగు వేయించండి. లేకపోతే పెళుసెక్కుతుంది.

* ప్రతి గదికీ విడిగా ఒక వాల్వు పెట్టించండి. ఒకచోట కారితే ఇంటికంతటికీ నీళ్ళు ఆపక్కర్లేదు.

* మీరు గీసిన కాగితంలో కొత్త పైపు దారి కూడా గీసి, గోడకి మేకు కొట్టేవాళ్ళకి కనబడేలా కరెంటు మీటరు పెట్టెలో ఉంచండి.

"ఇవన్నీ మగవాళ్ళు చూసుకునే పనులు కదా" అంటారేమో. రంగు మారిన నీళ్ళు ముందు చూసేది మీరు. ఆ నీళ్ళతో పప్పు ఉడకేసి పిల్లలకి పెట్టేదీ మీరే. మరి ప్లంబరు వచ్చినప్పుడు పక్కనే నిలబడి, కాగితం చేతిలో పెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగడానికి మొహమాటం ఎందుకు? రేపు పొద్దున్న కుళాయి తిప్పినప్పుడు మొదటి చెంబు పారబోయకండి. తెల్లగిన్నెలో పట్టి, వెలుతురులో పెట్టి చూడండి.