కౌశికుడు ఇంటికి తిరిగి వెళ్లిన కథ

నిత్యాన్నదానానికి విరాళం సమర్పించే భక్తులు తమ గోత్రనామాలతోపాటు తల్లిదండ్రుల పేర్లను కూడా వ్రాయించడం మన ఆలయాలలో చిరకాలంగా ఉన్న ఆచారం. కొందరు దివంగతులైన పెద్దల పేర్లను, కొందరు ఇంట ఉన్నవారి పేర్లను చెబుతారు. జీవించి ఉన్నవారి పేరిట చేసే దానం శ్లాఘనీయమే. అయితే ఆ పేరు గల పెద్దలు ఆ పూట భుజించారా, వారికి ఎవరు వడ్డించారు అన్న ప్రశ్న కూడా ధర్మవిచారణలోనిదే. మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజునకు చెప్పిన ధర్మవ్యాధోపాఖ్యానం ఈ విచారణనే చేస్తున్నది. తెలుగున దీనిని ఎఱ్ఱాప్రగడ పూరించిన అరణ్యపర్వ శేషంలో చదువుకొనవచ్చు.

కథ పూర్వభాగం అందరికీ తెలిసినదే. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు క్రింద వేదం వల్లిస్తుండగా పైనుండి ఒక కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంతో చూడగానే అది నేలకూలింది. పశ్చాత్తాపంతోనే భిక్షకు వెళ్లిన ఆయన, భర్తకు భోజనం పెట్టి ఆలస్యంగా వచ్చిన ఒక గృహిణిపై మరల కోపించాడు. తాను కొంగను కానని ఆమె సమాధానమిచ్చింది. అడవిలో జరిగినది ఈమెకు ఎట్లు తెలిసెనని ఆశ్చర్యపడిన కౌశికుని, ధర్మసూక్ష్మం తెలుసుకొనడానికి మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు వెళ్లుమని ఆమె ఆదేశించింది.

మాంసం అమ్ముకొనే వాని వద్ద వేదవేత్త ధర్మోపదేశం పొందినాడన్న విశేషం వద్దనే మన ప్రవచనాలు తరచుగా ఈ కథను ముగిస్తాయి. నా దృష్టిలో అది సగం కథ మాత్రమే. ధర్మవ్యాధుడు సుదీర్ఘంగా కర్మను గూర్చి, అహింసను గూర్చి, గుణత్రయాన్ని గూర్చి చెప్పిన పిమ్మట, తాను సిద్ధి పొందిన ధర్మాన్ని ప్రత్యక్షంగా చూపుతానని అతిథిని ఇంటి లోపలికి తీసుకొని వెళ్లాడు. అక్కడ చక్కని గృహంలో, శుభ్రమైన తెల్లని వస్త్రాలు ధరించి, భోజనం ముగించి, ఉత్తమాసనాలపై సుఖంగా కూర్చొన్న వృద్ధదంపతులు కనిపించారు. వ్యాధుడు వారి పాదాలపై శిరస్సు ఉంచి, తన దైవాలు వీరేనని పలికాడు.

ఆ పిమ్మట అతడు చెప్పిన మాటలను భక్తులు శ్రద్ధగా గమనించాలి. భార్యాపుత్రులతో కలిసి తాను వారిని సేవిస్తానని చెప్పాడు. అయితే స్నానం చేయించడం, పాదాలు కడగడం, ఆహారం పెట్టడం తానే స్వయంగా చేస్తానని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. వారికి ప్రియమైనది మాట్లాడతానని, అప్రియమైనది విడిచిపెడతానని కూడా అన్నాడు. మన ఇండ్లలో పరిస్థితి ఎట్లున్నది? మామగారికి మందులు ఇచ్చేది, అత్తగారి పక్క దుప్పట్లు మార్చేది సాధారణంగా కోడలు. తల్లిదండ్రులను చక్కగా చూసుకొంటున్నాడన్న కీర్తి మాత్రం కుమారునిది. వ్యాధుడు పగలంతా అంగడిలో శ్రమించేవాడే. అయినను ఆ పని ఇతరులకు అప్పగించి తాను కీర్తిని స్వీకరించలేదు.

సేవలో భక్తి ఎంత అవసరమో, గమనిక కూడా అంత అవసరం. వార్ధక్యంలో దప్పిక సరిగా తెలియదు. అడిగినప్పుడు మాత్రమే నీరిస్తే చాలదు. మధుమేహానికి మందు పుచ్చుకొనే పెద్దలు ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా తగ్గవచ్చు కనుక, ఏకాదశి వ్రతానికి ముందు వైద్యుని సంప్రదించాలి. అంతవరకు స్పష్టంగా ఉన్న పెద్దవారు ఒకటి రెండు రోజులలో హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడడం మొదలుపెడితే, దానిని చాదస్తమని తోసివేయరాదు. మూత్రసంబంధమైన ఇన్‌ఫెక్షన్ వంటి కారణాల వలన కూడా అట్లు జరుగుతుంది. చికిత్సతో తరచుగా నెమ్మదిస్తుంది. రాత్రివేళ పడకనుండి స్నానాల గది వరకు చిన్న దీపం, గోడకు పట్టుకొనడానికి ఒక కడ్డీ ఉంటే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎంతో తగ్గుతుంది. ఇవి కూడా పాదసేవలోని భాగాలే.

మరల కథకు వద్దాము. తల్లిదండ్రులను చూపిన తరువాత వ్యాధుడు కౌశికుని వైపు తిరిగి కఠినమైన సత్యం చెప్పాడు. నీవు వేదాధ్యయనానికై తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచివచ్చావు. నీకై దుఃఖించి ఆ వృద్ధులు అంధులైనారు. వెళ్లి వారిని ప్రసన్నులను చేయుము, లేనిచో నీ తపస్సంతా వ్యర్థమని దాని భావం. చూపుతో పక్షిని కూల్చగలిగినంత తపశ్శక్తి గలవాని ఇంట, కన్నవారు చూపు కోల్పోయారు. కౌశికుడు చేసినది పాపకార్యం కాదు, వేదం చదువుకొనడమే. విద్యకై, ఉద్యోగానికై హైదరాబాదుకో అమెరికాకో వెళ్లినవారు చేసినదీ అటువంటి ఉత్తమ కార్యమే. కనుక వారిని నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దూరాన ఉన్నవారు డబ్బు పంపడంతో ఆగక, ప్రతిదినం ఒక నియత సమయంలో మాట్లాడడం, వైద్యుని మాటలను తామే స్వయంగా వినడం, దగ్గర ఉండి సేవించే సోదరునికో సోదరికో ఏడాదిలో కొన్ని వారాలు విశ్రాంతి కల్పించడం సాధ్యమే. దగ్గర ఉన్నవారిపై భారమంతా వేసి, పండుగకు వచ్చి లోపాలెన్నడం మాత్రం తగదు.

ఆస్తి విషయం చెప్పక తప్పదు. ప్రేమతో ఇల్లూ పొలమూ ముందుగానే పిల్లల పేరిట వ్రాసి, తరువాత నిరాదరణకు గురి అయ్యే పెద్దలు ఉన్నారు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం వీరికి ఆధారం. పోషణ బాధ్యత విషయంలో కుమారులకు, కుమార్తెలకు ఇది భేదం చూపలేదు. తమ సంపాదనతో, ఆస్తితో జీవించలేని తల్లిదండ్రులు సబ్ డివిజన్ స్థాయిలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకొనవచ్చు. నోటీసు అందిన 90 రోజులలోపు విచారణ ముగించాలని చట్టం నిర్దేశించింది. ఇందులోని 23వ సెక్షన్ ముఖ్యమైనది. తనకు కనీస సౌకర్యాలు, అవసరాలు సమకూర్చాలన్న షరతుతో వయోవృద్ధులు ఆస్తిని దానంగా ఇచ్చినప్పుడు, తీసుకొన్నవారు ఆ షరతు పాటించకుంటే ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చు. కనుక దస్తావేజులోనే ఆ షరతును స్పష్టంగా వ్రాయించడం మేలు. కన్నబిడ్డలతో షరతులేమిటని చాలమంది సంకోచిస్తారు. సద్బుద్ధి గల సంతానానికి ఆ వాక్యం వలన కలిగే నష్టమేమీ లేదు. నిరాదరణలో ఉన్న పెద్దలు సలహా కోసం 14567 అనే ఎల్డర్ లైన్ సంఖ్యకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కౌశికుడు వ్యాధునికి ప్రదక్షిణ చేసి వెళ్లాడని, తల్లిదండ్రులను యథావిధిగా సేవించాడని మార్కండేయుడు క్లుప్తంగా చెప్పి ముగించాడు. ఆ ఇంటి గడపలో ఏమి జరిగినది, చూపు లేని తల్లి కుమారుని ఎట్లు గుర్తించినది, మొదట ఏమి మాట్లాడుకొన్నారు అన్నది మనమే ఊహించుకొనాలి.

యాత్రకు వచ్చినవారిలో నడువలేని తల్లిదండ్రులను ఇంట విడిచివచ్చినవారు కూడా ఉంటారు. ప్రసాదం ఇంటికి తీసుకొని వెళ్లినప్పుడు పళ్లెంలో పెట్టి అవతలికి వెళ్లక, వారి పక్కన కొంతసేపు కూర్చొనండి. స్వామివారికి ఆనాడు ఏ అలంకారం జరిగినది, ఏ రంగు వస్త్రం కట్టారు, ఏ పూలమాలలు వేశారు, గర్భాలయం ముందు ఎంతసేపు నిలువగలిగారు, వారి పేరిట అర్చకులు సంకల్పం ఎట్లు చెప్పారు, అన్నీ వివరంగా చెప్పండి. వారు పూర్వం తాము వచ్చినప్పటి సంగతులు చెప్పడం మొదలుపెడతారు. అది ఇదివరకు విన్నదే అయినను మరల వినండి.