గనుల తవ్వకం - ఆదివాసుల సమ్మతి

భూగర్భంలోని ఖనిజాలు జాతిసంపద అంటారు. కాని వాటిని వెలికితీయడం వల్ల కలిగే నష్టాన్ని ముందుగా భరించేది ఆ నేలపై జీవించేవారే. కెనడా దేశపు ఉత్తరసీమ చరిత్ర ఇందుకు నిదర్శనం.

గ్రేట్ స్లేవ్ సరస్సు తీరంలోని ఎల్లోనైఫ్ ప్రాంతం డెనె ఆదివాసుల పూర్వికుల భూమి. వేట, చేపలు పట్టడం వారి జీవనాధారాలు. అక్కడ 1948లో జెయింట్ అనే బంగారు గని ఉత్పత్తిని ప్రారంభించింది. ఆదివాసుల అనుమతిని ఎవరూ కోరలేదు. ముడిఖనిజాన్ని కాల్చి బంగారాన్ని వేరుచేసేటప్పుడు ఆర్సెనిక్ అనే విషపదార్థం పొగతో వెలువడి మంచుపై పేరుకొనేది. ఆ మంచును కరిగించి తాగునీరుగా వాడుకొనే ప్రజలకు అది ప్రాణాంతకమైంది. 1951లో ఒక డెనె పసిబిడ్డ ఆ విషానికి బలయ్యాడు. 2004లో గని మూతపడినా 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ధూళి భూగర్భంలోనే మిగిలిపోయింది. అది నీటిలో కలవకుండా చుట్టూ ఉన్న నేలను గడ్డకట్టించి ఉంచే పథకాన్ని ప్రభుత్వం చేపట్టింది. బంగారం అర్ధశతాబ్దిలో తరిగిపోయింది. విషానికి కాపలా మాత్రం తరతరాల బాధ్యతగా మిగిలింది.

1991లో అదే సీమలో, లాక్ ద గ్రా సరస్సు సమీపాన వజ్రాలు లభించాయి. ఈసారి ఆదివాసులు మౌనం వహించలేదు. వారితో ఒప్పందాల విషయంలో తగిన పురోగతి చూపడానికి 1996లో కేంద్రప్రభుత్వం గని సంస్థకు అరవై రోజుల గడువు విధించింది. ఉద్యోగాలు, శిక్షణ, ఆర్థిక ప్రయోజనాలు ఒప్పందాలలో చోటుచేసుకొన్నాయి. పర్యావరణాన్ని పరిశీలించేందుకు 1997లో ఒక స్వతంత్ర సంస్థ ఏర్పడింది. ఆ తరువాతనే, 1998లో ఎకాటి గని ప్రారంభమైంది. 2005లో అమలులోకి వచ్చిన మరొక ఒప్పందం డెనె జాతిలోని త్లిచో ప్రజలకు సుమారు 39,000 చదరపు కిలోమీటర్ల భూమిపైనే కాక, దాని గర్భంలోని ఖనిజాలపైన కూడ హక్కు కల్పించింది.

అయినా సమస్యలన్నీ తీరలేదు. ఆ ప్రాంతపు కారిబూ జింకల మందలో 1980వ దశకంలో నాలుగు లక్షలకు పైగా ఉన్న జింకలు 2018 నాటికి ఎనిమిది వేలకు చేరాయి. ఈ క్షీణతకు కారణాలు అనేకం. గనులు, వాటికోసం వేసిన దారులు జింకల సంచారానికి అడ్డుపడుతున్నాయన్నది ఆదివాసీ పెద్దల ఆవేదన. వజ్రాలు తరిగిపోయిన నాడు ఉద్యోగాలూ నిలువవు.

కనుక పరిహారం చెల్లించడంతోనే బాధ్యత తీరదు. తవ్వకానికి ముందు స్థానికుల సమ్మతి, తవ్వేటప్పుడు వారి పర్యవేక్షణ, తవ్విన పిదప నేలకు స్వస్థత - ఈ మూడూ ఉన్నప్పుడే గని అభివృద్ధికి సాధనమవుతుంది.